పక్కన పెట్టిన ముక్క

వరంగల్ నగర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ‘గొంతు విప్పిన తల్లి’ అనే లఘుచిత్రం ఎడిటింగ్ పని కాశిబుగ్గలోని ఒక రెండు గదుల ఇంట్లో, పూర్తి ఏకాభిప్రాయంతో, గొడవ వీధిలోకి వినిపించకుండా కిటికీలు మూసి, దిగ్విజయంగా ముగిసింది.

ఆ ఇల్లు గ్రేస్‌ది. అంటే గ్రేస్ ఊడ్చి తుడిచే ఇల్లు; కాగితాల ప్రకారం ఆమె అత్త మరియమ్మది. ముందుగదిలోని కంప్యూటర్ గ్రేస్ మరిది శాంసన్‌ది. శాంసన్ నగరంలోని ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ ఆఖరు సంవత్సరం విద్యార్థి, దసరా సెలవుల నుంచి దర్శకుడు కూడా. కంప్యూటర్ ఎక్కడుంటే ఎడిటింగ్ అక్కడే జరగాలి. ఎడిటింగ్ జరిగే చోట చాయ్ ఉండాలి. చాయ్ పెట్టేవాళ్లు కళకు సేవ చేస్తున్నామన్న తృప్తితో ఉండాలి. ఈ నియమాలు గ్రేస్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే పాటించినందుకు అందరూ ఆమెను మెచ్చుకున్నారు.

కళాశాల వారు పెట్టిన పోటీకి అంశం ‘స్త్రీ గళం విందాం’. సినిమా పది నిమిషాలు దాటకూడదని నిబంధన. అంతకు మించి స్త్రీ గళం వింటే జ్యోతి ప్రజ్వలనకు, సన్మానాలకు సమయం చాలదు మరి.

కథ శిరీష రాసింది. కళాశాలలో ఏ సభ జరిగినా మైకు పట్టుకునేది శిరీషే కాబట్టి రచన కూడా ఆమెకే వస్తుందని బృందం నిర్ణయించింది. కథలో చదువుకోని తల్లి ఉంటుంది, దుర్మార్గపు అత్త ఉంటుంది, బడికి పోవాలనుకునే బిడ్డ ఉంటుంది. అత్త వేషానికి మరియమ్మను అడిగారు. “నాకు గా ఏషాలు రావు బిడ్డా” అని ఆమె అనడంతో అత్తను గోడమీద నీడగా చూపించి సరిపెట్టారు. చదువుకోని తల్లికి మాత్రం ఊరంతా వెతికారు. సహజంగా కనిపించాలి, సహజంగా మాట్లాడాలి, డబ్బు అడగకూడదు. ఈ అర్హతలన్నీ ఉన్న మనిషి తమకు రోజూ చాయ్ ఇస్తోందని కొద్దిరోజులకు గుర్తించారు.

ఒక చిన్న చిక్కు వచ్చింది. గ్రేస్ చదువుకోనిది కాదు. ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ సగం దాకా చదివింది. శాంసన్ దర్శకుడి హోదాలో ఈ లోపాన్ని మన్నించాడు.

“సగం సదివితె సదవనట్టే లెక్క వదినా. ఏం ఫికర్ పెట్టుకోకు.”

షూటింగు గ్రేస్ వంటింట్లోనే జరిగింది. రెండేళ్ల కూతురు కెజియాను చంకన వేసుకుని, కుక్కర్ పక్కన నిలబడి, ఆమె చెప్పవలసింది ఒక్కటే మాట: నేను చదువుకోలేదు, నా బిడ్డ చదవాలి. చెప్పింది. కెమెరా పట్టుకున్న అజహర్ ‘కట్’ అనాలి. ఫోకస్ చూసుకుంటూ మరచిపోయాడు. ఎవరూ ఆపమనలేదు కాబట్టి గ్రేస్ ఆగలేదు.

“నా బిడ్డ సంగతి సరే. అది సదువుతది. మరి నా సంగతేంది? బొద్దింకను కోసే ప్రాక్టికల్ రాకముందే నాకు పెండ్లయింది. ఇంట్ల ఎన్ని బొద్దింకలను సంపిన్నో లెక్కలేదు గని దాని లోపల ఏముంటదో ఇంకా సూడలే. నాకు ఇంటర్ రాయాలనున్నది. ఓపెన్ల కట్టినా మంచిదే. ఆదివారం ఆదివారం క్లాసులుంటయట. పిల్లను గా కాసేపు ఎవలన్న పట్టుకుంటె సాలు. ఇంట్ల పనేం ఆగది. నేను ఆపనియ్య.”

అప్పుడు కుక్కర్ కూత పెట్టింది. కెజియా ఉలిక్కిపడి ఏడ్చింది. గ్రేస్ కూడా ఉలిక్కిపడి, తాను ఏం మాట్లాడిందో అప్పుడే విన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శిరీష కళ్లు తుడుచుకుంది. “వదినా, గిదే మన సినిమా పానం” అన్నాడు శాంసన్. ఈ ముక్క లేకపోతే సినిమాయే లేదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. పాఠకులు ఈ తీర్మానాన్ని గుర్తుంచుకోవాలి. బృందం గుర్తుంచుకోలేదు.

ఇక్కడ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. గ్రేస్ ఓపెన్ ఇంటర్ అర్జీ పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో పెండింగులో ఉంది. భర్త ఏలియా ఆటో నడుపుతాడు. మంచివాడు, అడిగితే కాదనడు. “నాదేమున్నదే, అమ్మనడుగు” అంటాడు. మరియమ్మ కూడా కాదనదు. టీవీ చూస్తూనే “వాడేమన్నడు, వాణ్ణడుగు” అంటుంది. అర్జీ ఈ సీటు నుంచి ఆ సీటుకు, ఆ సీటు నుంచి ఈ సీటుకు ఏ ఆఫీసుకూ తీసిపోకుండా తిరుగుతోంది. ఈ ఏటి ప్రవేశాలకు నెలాఖరు ఆఖరు గడువు. సినిమా ప్రదర్శన దానికి వారం ముందు.

గ్రేస్ లెక్క ఇది: సినిమా చూడటానికి అత్తమ్మ వస్తుంది, ఏలియా వస్తాడు, చర్చి వాళ్లు నలుగురైనా వస్తారు. ఇంట్లో చెప్తే గాలికి పోయే మాట తెరమీద పెద్ద బొమ్మగా కనపడితే వినక ఏం చేస్తారు? కుర్చీలో కూర్చున్న మనిషి ఎటు పోతుంది? అంతమందిలో టీవీ సౌండు పెంచడానికి రిమోటు కూడా ఉండదు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమెకు సంతోషం కలిగేది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చేది. ఇంటి గుట్టు ఊరికి చెప్పావని అత్తమ్మ అంటే? ఏలియా ముఖం మాడ్చుకుంటే? ఆ ముక్క ఉంటే ఎట్లా అని ఒక బాధ, లేకపోతే ఎట్లా అని ఇంకో బాధ. ఈ రెండు బాధల నడుమ అల్లం దంచి ఆమె చాయ్ పెట్టేది.

ఇక ఎడిటింగ్.

తెలియనివారి కోసం చెప్పవలసి ఉంది. కంప్యూటర్ తెరమీద సినిమా అడ్డంగా, రైలులా ఉంటుంది. ఒక్కో ముక్క ఒక్కో పెట్టె. ఎడమ చివర సినిమా పేరు, కుడి చివర థాంక్సు కార్డు. మౌసు అజహర్ చేతిలో, కుర్చీ శాంసన్ కింద, అభిప్రాయం అందరి దగ్గర. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో పాఠ్యపుస్తకంలో చదివి మరచిపోయినవారు ఆ గదికి ఒకసారి వచ్చి ఉంటే బాగుండేది.

బృందంలో నాలుగోవాడు మల్లికార్జున్, కథలో నాయకుడు. తల్లి కథలో నాయకుడు ఎందుకని అడగడం అమాయకత్వం. మల్లికార్జున్ తండ్రికి చౌరస్తా దగ్గర ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపుంది. ఈ నగరంలో పుట్టినరోజైనా, ఓణీల ఫంక్షనైనా, పెద్దమనిషి ఊరి నుంచి తిరిగొచ్చినా ఫ్లెక్సీ కట్టనిది జరిగినట్టు కాదు. ఫ్లెక్సీ శాస్త్రం మల్లికార్జున్‌కు ఉగ్గుపాలతో అబ్బింది. పెద్దవాళ్లు పైన గుండ్రాల్లో, డబ్బిచ్చినవాళ్లు నిలువెత్తున, పని మీద తిరిగినవాళ్లు కింద వరసలో బొటనవేలంత. ఎవరి ముఖం తగ్గినా వాడు మరునాడు వేరే జట్టులో ఉంటాడు.

“మా బాపు ఒక్కటే అంటడు రా,” మల్లికార్జున్ మొదటిరోజే చెప్పాడు. “ఫ్లెక్సీల మొఖం లేనోడు పండుగకు రాడు. సినిమా గూడ గంతే. ఎవ్వలి మొఖం కట్ చెయ్యొద్దు.”

“ఇది సినిమా రా, ఫ్లెక్సీ కాదు” అన్నాడు అజహర్.

“కదిలే ఫ్లెక్సీ అనుకో.”

ఈ సిద్ధాంతాన్ని ఎవరూ ఖండించలేకపోయారు, ఎందుకంటే ప్రతివాడి ముఖమూ ప్రమాదంలో ఉంది. అది మొదలు సినిమా శరవేగంగా పెరిగింది. నాయకుడు బైకు మీద వచ్చే ముక్క చేరింది. బైకు ఇచ్చిన మేనమామ బైకును తుడిచే ముక్క చేరింది. శిరీష టీచరుగా నల్లబల్ల ముందు నిలబడి విద్య విలువ చెప్పే ముక్క పొడవు పెరిగింది. శాంసన్ దర్శకుడు కనుక తెరమీద కనిపించనన్నాడు. కనిపించకుండా ఉండలేక, చివరికి బడి గేటు దగ్గర ఐస్‌క్రీం కొనుక్కునే మనిషిగా కనిపించాడు. కెమెరా వెనుక ఉన్నవాడు తెరమీదకు రావడం కష్టం కాబట్టి అజహర్ నీడను రెండుచోట్ల ఉంచారు.

పది నిమిషాలు దాటింది. ఏదో ఒకటి తీయాలి. ఏది తీసినా ఎవరో ఒకరు లేచి చెప్పులేసుకుంటున్నారు. అప్పుడు మన పరిపాలనలో ఎన్నో తరాలుగా పనిచేస్తున్న ఉపాయమే అక్కరకొచ్చింది. ఏదీ తీసెయ్యరు. పక్కన పెడతారు. రైలు నుంచి పెట్టె విప్పి, పట్టాల మీద దూరంగా, కాజీపేట యార్డులో వదిలేసినట్టు కుడి చివర, థాంక్సు కార్డులు కూడా దాటిన తర్వాత, నల్లటి ఖాళీకి ఆవల పెట్టేస్తారు. పెట్టె పోలేదు, పట్టాల మీదే ఉంది, రైల్లో మాత్రం లేదు. అడిగినవాడికి ‘ఉన్నది’ అని ధైర్యంగా చెప్పవచ్చు.

అట్లా అందరి ముక్కలూ ఒకసారి పక్కకు వెళ్లాయి. అందరూ ఒక్కొక్కరుగా వచ్చి తమ ముక్కను వెనక్కి తెప్పించుకున్నారు. మేనమామ ఫోన్ చేశాడు. తుడిచిన బైకు తిరిగొచ్చింది. శిరీష రెండురోజులు మాట్లాడలేదు, నల్లబల్ల తిరిగొచ్చింది. మల్లికార్జున్ సినిమాకు వేసే ఫ్లెక్సీ ఫ్రీ కాదన్నాడు. బైకు రెండు సందులు ఎక్కువ తిరిగింది.

గ్రేస్ ముక్క కూడా పక్కకు వెళ్లింది. వెళ్లినప్పుడు ఆమె గదిలోనే ఉంది, గ్లాసులు తీస్తూ.

“వదిన ముక్క జర పొడుగైతాంది,” శిరీష అంది. “మస్తుగున్నది, కాదంటలే. గని మన కథ బిడ్డ సదువు గురించి. తల్లి మళ్ల సదువుతనంటే మెసేజు రెండైతయి.”

“మొదటి మాట ఉంచి, తర్వాతది పక్కన పెడదాం” అన్నాడు శాంసన్. “వదినా, నీకేం కాదు గదా?”

“నాకేమైతది” అంది గ్రేస్. గ్లాసులు కడగడానికి పోయి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

ఆమె తన ముక్కను తిరిగి అడగలేదు అనడం సరికాదు. ఒకసారి అడిగింది. శాంసన్‌కు అన్నం వడ్డిస్తూ, పప్పు గిన్నె వైపు చూస్తూ అడిగింది.

“తమ్మీ, నేను మాట్లాడింది ఉన్నదా, పోయిందా?”

“పోవుడేంది వదినా. ఉన్నది. పక్కకున్నది.”

అతను అబద్ధం చెప్పలేదు. ఈ దేశంలో పక్కన ఉన్నవాటి గురించి ఎవరూ అబద్ధం చెప్పరు.

మిగిలిన ఆ మొదటి మాటకు కూడా ఒక గండం వచ్చింది. గ్రేస్ మాట సహజంగా ఉందని ఎంచుకున్నారు కదా. ఎడిటింగ్‌లో విన్నప్పుడు ఆ సహజత్వం కొంచెం ఎక్కువైందని తేలింది. జడ్జీలు పెద్దవాళ్లు, అర్థం కాదేమో అన్న బెంగ పట్టుకుంది. జడ్జీలు ఎక్కడివాళ్లు అంటే పక్కనే ఉన్న హన్మకొండ వాళ్లే. అయినా శిరీష గొంతుతో డబ్బింగు చెప్పించారు. గ్రేస్ పెదవులు ‘నా బిడ్డ సదవాలె’ అని కదులుతాయి. ‘నా కుమార్తె విద్యావంతురాలు కావాలన్నదే నా చిరకాల ఆకాంక్ష’ అని మాట వస్తుంది. పెదవులు ఆగిపోయినా మాట ఇంకా వస్తూ ఉంటుంది. ఆ మిగులు మాటల మీద వేణువు వేసి కప్పారు. తల్లి అంటే వేణువు, అత్త అంటే డప్పు అని బృందం అప్పటికే నిర్ణయించుకుంది.

మధ్యలో ఒక దుర్ఘటన జరగబోయి తప్పింది. షూటింగంతా ఉన్న మెమరీ కార్డు, గోరంతది, బల్లమీది నుంచి మాయమైంది. అందరూ ఒకేసారి కెజియా వైపు చూశారు. కెజియా దేన్నో నములుతోంది. గ్రేస్ పై ప్రాణాలు పైనే పోయాయి. బిడ్డ నోట్లో వేలు పెట్టి తిప్పింది. ఏమీ తగల్లేదు. “మింగింది, అయ్యో మింగింది, దవాఖానకు పోవాలె, శాంసన్ నడువు” అని వణికిపోతూ చెప్పుల కోసం తడుముకుంది.

బృందం కూడా వణికిపోయింది. “అండ్ల క్లైమాక్సున్నది రా” అన్నాడు మల్లికార్జున్.

అజహర్ మాత్రం నిబ్బరంగా ఆమెకు ధైర్యం చెప్పాడు. “వదినా, పరేషాన్ కాకు. అది వాటర్‌ప్రూఫ్ కార్డు. ఏం కాదు. రేపటికి వచ్చేస్తది, డేటా గట్లనే ఉంటది.”

కార్డు మల్లికార్జున్ చొక్కా జేబులోనే దొరికింది. కెజియా నమిలింది చపాతీ ముక్క. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని చాయ్ అడిగారు. గ్రేస్ మాత్రం ఆ పూటంతా బిడ్డను చంక దించలేదు. ఒంటిచేత్తో చాయ్ పెట్టింది, ఒంటిచేత్తో వడకట్టింది. మధ్యమధ్య బిడ్డ పొట్టకు చెవి ఆనించి వింది, మింగని కార్డు కూడా ఏదైనా చప్పుడు చేస్తుందేమోనని.

ఆఖరున థాంక్సు కార్డులు వచ్చాయి. ఇక్కడ ఫ్లెక్సీ శాస్త్రం సంపూర్ణంగా వికసించింది. కళాశాల పెద్దలు గుండ్రాల్లో, మార్గదర్శకులు ఫ్రాన్సిస్ సార్ నిలువెత్తున, బైకు మేనమామ, కెమెరా అద్దెకిచ్చిన వారు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇచ్చిన పక్కింటివారు, సినిమా తీస్తున్నట్టు తెలిసి అభినందించినవారు, తెలిసినా అడ్డుచెప్పనివారు. కెజియా కూడా బేబీ ఆర్టిస్టుగా ఒక పువ్వు మధ్యలో వెలిసింది. గ్రేస్ పేరు మాత్రం లేదు. మరచిపోయారని అనుకుంటే పాపం తగులుతుంది. ఇంటివాళ్లకు థాంక్స్ చెబితే పరాయిని చేసినట్టవుతుందని శాంసన్ భావన.

ఫ్రాన్సిస్ సార్ వచ్చి సినిమాను ఆమోదించారు. మొదటి నుంచి తన కార్డు వచ్చేదాకా శ్రద్ధగా చూశారు. “ఫోటో పాతది బాబూ, నిరుడు సన్మానంల దిగింది పెట్టు” అని సాంకేతిక సలహా ఇచ్చి లేచారు. ఆ తర్వాత బృందం తుది పరిశీలన జరిపింది. మల్లికార్జున్ తన బైకు సందు తిరిగేదాకా చూసి సంతృప్తి చెందాడు. శిరీష తన నల్లబల్ల దాకా, అజహర్ తన రెండో నీడ దాకా, శాంసన్ ఐస్‌క్రీం దాకా చూశారు. సినిమాను చివరిదాకా చూసినవారు ఎవరూ లేరు. అయినా అందరూ కలిసి మొత్తం చూసినట్టే అయింది.

ఫైలు తయారయ్యాక దాని నిడివి అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ చూపించింది. ఆ ఎక్కువంతా పది నిమిషాల లెక్కలోకి రాని, అవతలివాడి థాంక్సు కార్డేనని ప్రతివాడూ అనుకున్నాడు. అడిగితే మళ్లీ గొడవ. అడగకపోవడమే ఏకాభిప్రాయం.

ప్రదర్శన రోజు వచ్చింది. మరియమ్మ ఆదివారం ప్రార్థనకు కట్టే తెల్ల చీర కట్టింది. ఏలియా ఆటో కడిగాడు. గ్రేస్‌కు పొద్దున్నుంచి అన్నం సయించలేదు. ముక్క లేదని తెలుసు. ‘పక్కకున్నది’ అన్న మాట మీద ఆశ చావలేదు. ఆడిటోరియంలో మరియమ్మను నడిమి వరసలో కూర్చోబెట్టి, నిద్రపోయిన కెజియాను ఆమె ఒళ్లో పడుకోబెట్టి, గ్రేస్ పక్కన కూర్చుంది.

సినిమా మొదలైంది. బైకు వచ్చినప్పుడు ఈలలు, నల్లబల్ల వచ్చినప్పుడు చప్పట్లు. గ్రేస్ తెరమీద కనిపించి శిరీష గొంతుతో ఆకాంక్షను వెల్లడించింది.

“గిదెవ్వలే నీ నోట్లె?” మరియమ్మ వంగి అడిగింది.

“డబ్బింగత్తమ్మా.”

“నువ్వు మాట్లాడలేదా మరి?”

వేణువు మొదలైంది. ఆ వేణువు ఆగేసరికి సినిమా అయిపోయింది. థాంక్సు కార్డులు కూడా అయిపోయాయి. ఆమె మాట రాలేదు. ఇంక ఈ ఏడు కూడా పోయింది, ఇంక ఇంతే అనుకుని గ్రేస్ కూతురి బూట్లు సర్దడం మొదలుపెట్టింది. సర్దడానికి ఏమీ లేకపోయినా సర్దుతూనే ఉంది.

తెర నల్లబడింది. సినిమా ఆపే బాధ్యత ఉన్న మనిషి, నల్లబడింది కాబట్టి ఆగిందనుకుని సమోసాల దగ్గరకు పోయాడు. సమోసాలు వచ్చాయని తెలిసి సగం సభ లేచింది. అందులో ఏలియా మొదటి వరసలో ఉన్నాడు. మిగిలిన సగం వేదిక ఎక్కింది, శాలువాల కోసం. గ్రేస్ కాక కూర్చున్నది మరియమ్మ ఒక్కతే. ఒళ్లో పిల్ల పడుకుంది, తను లేస్తే అదీ లేస్తుంది.

ఫ్రాన్సిస్ సార్ తొలి పలుకులు పలికారు. ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. “తరతరాలుగా అణగారిన స్త్రీ గళం,” అన్నారు, “ఈనాడు ఈ వేదిక మీద నుంచి మారుమోగుతోంది. మనం వినాలి. చెవులతో కాదు, హృదయంతో వినాలి. వినడం ఒక సంస్కారం. వినడం ఒక యజ్ఞం.” తర్వాత శాలువాలు కప్పారు. ఫోటో కోసం బృందమంతా, పెద్దలంతా ఒకరినొకరు తోసుకుంటూ వరసకట్టారు. ఫోటోగ్రాఫర్ చెయ్యి ఎత్తి, “కదలకుండ్రి, ఎవ్వలు కదిలినా మొఖం పోతది” అని హెచ్చరించాడు.

అప్పుడు వాళ్ల వెనుక తెరమీద వెలుగు వచ్చింది. పట్టాల మీద ఉన్నదంతా ఫైల్లోకి వచ్చేసింది కనుక, యార్డులో వదిలేసిన పెట్టె దగ్గరకు రైలు తాపీగా చేరుకుంది. వంటిల్లు, కుక్కరు, చంకలో కెజియా.

“నా బిడ్డ సంగతి సరే. అది సదువుతది. మరి నా సంగతేంది?”

వేణువు లేదు, డబ్బింగు లేదు. ఆడిటోరియం సౌండు బాక్సులన్నీ పూర్తిగా తెరిచి ఉన్నాయి. అజహర్ ముఖం పాలిపోయింది. పరుగెత్తి ఆపాలి. కానీ ఫోటోగ్రాఫర్ వేలు బటన్ మీద ఉంది. కదిలితే ముఖం పోతుంది. శాంసన్ కదల్లేదు. శిరీష కదల్లేదు. ముఖ్య అతిథి చిరునవ్వు సడలనివ్వకుండా, “వెనుక ఏదో మోగుతోంది, చూడండి” అని పెదవులు కదపకుండా అన్నారు. ఫోటోగ్రాఫర్ నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, శాలువాలు సర్దుకున్నాక ఇంకొకటి తీశాడు. ఆ ఫోటోలు పూర్తయ్యేదాకా గ్రేస్ తెరమీద అడ్డు లేకుండా మాట్లాడింది. బొద్దింక మాట రాగానే సమోసాల వరసలో ఎవరో నవ్వారు. కుక్కర్ కూత దగ్గర ఫోటో అయిపోయింది. అజహర్ దూకి కంప్యూటర్ ఆపాడు.

“సాంకేతిక లోపానికి చింతిస్తున్నాము” అని శిరీష మైకులో ప్రకటించింది.

‘గొంతు విప్పిన తల్లి’కి రెండో బహుమతి వచ్చింది. ఆఖరున వచ్చిన లోపం లేకపోతే మొదటిదే వచ్చేదని జడ్జీలు చెప్పారు.

గ్రేస్ తన కుర్చీలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, ఆనాడు వంటింట్లో నిలబడినట్టే. పక్కకు చూడటానికి ధైర్యం చాలలేదు. మరియమ్మ పిల్ల తల మీద చెయ్యి వేసుకుని ఇంకా తెర వైపే చూస్తోంది. అది తెలిసి గ్రేస్‌కు ఇంకా ఎక్కువ భయం వేసింది.

ఇంటికి పోయేటప్పుడు ఏలియా ఆటోలో పాట పెట్టాడు. ఈ నగరంలో పాట లేని ఆటో ఎక్కితే డ్రైవరు ఏదో రోగం దాచుకుంటున్నాడేమోనని అనుమానిస్తారు. పోచమ్మ మైదాన్ దాటాక మరియమ్మ ముందుకు వంగి కొడుకు భుజం తట్టింది.

“జర ఆ పాట బంజెయ్ రా.”

ఏలియా ఆపాడు.

“ఆఖరుకు మాట్లాడింది నువ్వేనా?” మరియమ్మ కోడలిని అడిగింది.

“నేనే అత్తమ్మా.”

“గొంతు నీదే లెక్కున్నది.” కొంగు సర్దుకుంది. “గా ముచ్చట ఇంటికాడ చెప్తే అయిపోవు గద పిల్లా. దీనికి గింత మంది గావాల్నా? శాలువలు గావాల్నా?”

“చెప్పిన అత్తమ్మా.”

“ఎప్పుడు?”

“చానసార్లు చెప్పిన. మీరు సీరియల్ సూస్తాంటే.”

మరియమ్మ ఆలోచించింది. మనిషి న్యాయంగా ఆలోచించేదే.

“అండ్ల మ్యూజిక్ ఉంటది గద,” అంది. “ఏం ఇనబడ్తది?”

ఆటో కాశిబుగ్గ మలుపు తిరిగింది.

“ఆఖరు తారీకు ఎప్పుడున్నది?”

“నెలాఖరు.”

“ఆదివారం ఆదివారమేనా?”

“ఆదివారమే. ప్రార్థన అయినంక.”

“పిల్లను నేను పట్టుకుంట తియ్. గని అడ్డమైనయేం నమలనియ్యకు దాన్ని. మొన్న గదేందో మింగిందనిరి, నా పానం పోయింది.”

ఏలియా అద్దంలోంచి చూశాడు. “అమ్మా, నన్నొక్క మాట అడుగలేదేంది?”

“నువ్వు సమోసల కాడుంటివి” అంది మరియమ్మ.

ఇదీ జరిగింది. స్త్రీ గళం వినడానికి పెట్టిన సభలో దాన్ని విన్నది, ఆ బృందం గోడమీద నీడగా చూపించి డప్పు వాయించిన ఆ అత్త ఒక్కతే. ఆమె కూడా పిల్ల నిద్ర లేస్తుందని కదలక విన్నది. ఈ విజయంలో సింహభాగం కెజియా నిద్రదే. అయినా తన పాత్రను గుర్తించాలని బృందం కోరుతోంది, అందుకు ఫ్లెక్సీ కూడా వేసింది. అది కాశిబుగ్గ మూలమీద కట్టి ఉంది. గ్రేస్ అడ్మిషన్ ఫోటో దిగడానికి దాని కిందినుంచే వెళ్లింది. తన ముఖం ఉందా అని తల ఎత్తి చూడలేదు. పిల్ల నోట్లో ఏముందో చూసుకుంటూ పోయింది.

సినిమా ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది. పెట్టేముందు లోపాన్ని సవరించడానికి బృందం మళ్లీ ఆ ముందుగదిలో సమావేశమైంది. గ్రేస్ చాయ్ ఇచ్చింది. బహుమతి అందుకుంటున్న ఫోటో చేర్చాలని నిర్ణయం జరిగింది. అందులో ఎవరి ముఖం ఎంత ఉండాలనే దగ్గర సాయంత్రమైంది. లోపం సంగతి పక్కన పెట్టారు. అందుకని ఆ ముక్క ఇప్పటికీ థాంక్సు కార్డుల ఆవల, నల్లటి ఖాళీ దాటాక, ఉన్నచోటే ఉంది. వీడియో పెట్టిన క్షణంలోనే ‘చివరి సీన్ చూసి కన్నీళ్లు ఆగలేదు’ అని ఒకరు కామెంటు రాశారు. తర్వాత చాలామంది లైకులు కొట్టారు. అంతదూరం వెళ్లి చూసినవారు మాత్రం ఇంతవరకు ఎవరూ లేరు.

మిమ్మల్ని చూడమని అడగడం కూడా న్యాయం కాదు. మీ ముఖం అందులో లేదు కదా.